ఒకే పొయ్యి... రెండిళ్ల వంట!

వార్తా చానల్ నడిపేవాళ్లకి వార్తలు దొరకవన్న బెంగ ఉండదు. రోజుకి 24 గంటలున్నాయే... అదే బెంగ! ప్రతి గంటనీ కొత్త సరుకుతో నింపాలంటే ఎంతమంది విలేకరులు, ఎన్ని కెమెరాలు, ఎంత డబ్బు కావాలి? అందుకే ఒక కిటుకు పుట్టింది. ఒక స్టూడియోలో చదివే వార్తల్ని ఒకేసారి రెండు చానళ్లలో వేసేయడం. దీన్నే 'సైమల్‌కాస్ట్' అంటారు. ఒకే పొయ్యి మీద వండి రెండిళ్లకి వడ్డించడమన్నమాట.

బీబీసీనే చూడండి. 1997 నవంబర్ 9న బ్రిటన్‌లో 'బీబీసీ న్యూస్ 24' మొదలైంది. అంతకుముందు బీబీసీ వన్ రాత్రి పొద్దుపోయాక జాతీయగీతం వినిపించి ప్రసారాలు ఆపేసేది. కొత్త చానల్ వచ్చాక ఆ ఖాళీలో దాని వార్తల్నే కలిపేశారు. పొద్దున్నే ఈ లెక్క తిరగబడుతుంది. బీబీసీ వన్ వాళ్ల 'బ్రేక్‌ఫాస్ట్' కార్యక్రమం వార్తా చానల్‌లోనూ కనిపిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడాలంటే ఇవే కదా!

వినడానికి తేలికే. షెడ్యూలు వేసేవాళ్లనడిగితే తెలుస్తుంది తిప్పలు. బ్రిటన్‌లో ఏటా మార్చి చివర గడియారాన్ని గంట ముందుకి, అక్టోబర్ చివర గంట వెనక్కి జరుపుతారు. మనం ముల్లు కదపం. దాంతో లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట మనకి వేసవిలో సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. ఇక ప్రకటనల సంగతి. బ్రిటన్‌లో జనం లైసెన్సు ఫీజు కడతారు కాబట్టి అక్కడి బీబీసీ చానళ్లలో ప్రకటనలుండవు. బయటి దేశాల ప్రసారంలో ఉంటాయి. మనం ప్రకటనలు చూసే ఆ కాసేపూ అక్కడివాళ్లకి ఇంకేదో చూపించాలి. సెకను తేడా వచ్చినా యాంకర్ మాట సగంలో తెగుతుంది.

వీటన్నిటికీ యంత్రాలున్నాయి. యంత్రం తీర్చలేని చిక్కు వేరే ఉంది. ఖర్చు తగ్గించుకోవడానికి 2023 ఏప్రిల్‌లో బీబీసీ తన బ్రిటన్ వార్తా చానల్‌నీ, ప్రపంచ చానల్ 'బీబీసీ వరల్డ్ న్యూస్'నీ కలిపేసింది. బ్రిటన్‌కి సంబంధించిన పెద్ద సంఘటన జరిగితే అక్కడి ప్రసారాన్ని విడదీసే ఏర్పాటు ఉంచుకున్నారు. మరి చిన్న సంఘటనల మాటేమిటి? ఓ పట్టణంలో ఆసుపత్రి మూతపడితే మిగతా ప్రపంచానికేం పట్టింది? ఆ వార్త వేస్తే బయటివాళ్లు రిమోట్ నొక్కుతారు. తీసేస్తే, ఫీజు కట్టిన ఆ ఊరివాళ్లకే తమ ఊరి సంగతి తెలియదు. యుద్ధాలకీ, ఎన్నికలకీ చోటు ఎప్పుడూ దొరుకుతుంది. కోత పడేది ఊరి వార్తకే.

మనకిది కొత్తేం కాదు. 1982 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమాల్ని దూరదర్శన్ కేంద్రాలన్నీ ఒకేసారి రిలే చేసేవి. అయినా హైదరాబాద్ కేంద్రం తెలుగు వార్తలకి విడిగా సమయం ఉండేది. మన జిల్లా పేరు, మన ఏటి వరద సంగతి చెవినపడేది ఆ కాసేపట్లోనే. అందుకే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరేవారు.

ఉమ్మడి వంటలో తప్పులేదు, పొదుపు ఎవరికైనా అవసరమే. కాకపోతే ఉప్పూకారం ఎవరింట్లో వాళ్లు సరిచూసుకునే వీలుండాలి. పొదుపు పేరుతో ఆ వీలు కూడా తీసేస్తే, వడ్డన రెండిళ్లకీ జరుగుతుంది... కడుపు మాత్రం ఏ ఇంట్లోనూ నిండదు!