ఇల్లూ వాకిలీ: ఇంటర్నెట్‌కు ఏ సిమ్ తీసుకోవాలి?

నలుగురు చేరిన చోట ఈమధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఇది. పిల్లల పాఠాలు, దూరాన ఉన్న కొడుకూ కోడళ్ళతో మాటామంతీ, ఇంటి నుంచే ఉద్యోగం, అన్నీ ఆ చిన్న సిమ్ మీదే ఆధారపడినప్పుడు అడగడం సహజమే. అయితే బళ్ళారిలో చక్కగా పనిచేసేది బరంపురంలో మొరాయించవచ్చు. ఒకే ఇంట్లో మేడమీద అందిన సిగ్నలు వంటింట్లో అందకపోవచ్చు. కనుక కంపెనీ పేరు చూసి కాదు, మన ఇంట్లో పరీక్షించి నిర్ణయించుకోవాలి.

పరీక్ష సులువే. వేరే కంపెనీ సిమ్ ఉన్న బంధువో, పొరుగువారో వచ్చినప్పుడు, పిల్లలు చదువుకునే గదిలోనే వారి ఫోనులో ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో వేగం చూడండి. పగలు ఒకసారి, అందరూ ఫోన్లు పట్టుకునే రాత్రి 8, 10 గంటల మధ్య మరోసారి చూడాలి. వీడియోలో మన మాట అవతలికి చేరాలంటే అప్‌లోడు వేగమూ ముఖ్యమే. పాత అభిప్రాయాలతో తీర్పు చెప్పకండి. బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ 4జి సేవ 2025 సెప్టెంబరులో ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి ప్రారంభమైంది. దాన్నీ ఒకసారి పరీక్షించవచ్చు.

5జిలో ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగాలకు వేగం ఎక్కువే గాని, గోడలు దాటే శక్తి తక్కువ. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు ఇంట్లోకి బాగా వస్తాయి. అందుకే సిమ్ వేసే రౌటరును బీరువా పక్కన కాక, కిటికీ దగ్గర ఎత్తులో పెట్టాలి.

ఇక లెక్క. వీడియో పాఠానికి గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. ఇద్దరు పిల్లలుంటే రోజుకు 2 జీబీ ప్లాను మధ్యాహ్నానికే అయిపోవచ్చు. ఆ తర్వాత చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు 1 ఎంబీ ఫోటో రావడానికే రెండు నిమిషాలు! 28 రోజుల ప్లానుకు ఏడాదిలో 12 కాదు, 13 సార్లు డబ్బు కట్టాలి. "అన్‌లిమిటెడ్" అన్నచోట కింది చిన్న అక్షరాలు చదవండి. ఇంటిల్లిపాదీ రోజంతా వాడేటట్లయితే, వీధిలో ఫైబరు ఉంటే అదే మేలు.

బ్యాంకుకూ, ఆధారుకూ ఇచ్చిన నంబరు పోతుందని ఇష్టంలేని సిమ్‌తోనే సర్దుకుపోయేవారున్నారు. ఆ భయం అక్కర్లేదు. 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా నంబరు మార్చుకోకుండా కంపెనీ మారవచ్చు. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తయి, బాకీలు లేకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి మీ నంబరు రాసి 1900కు సందేశం పంపితే ఒక కోడు వస్తుంది. మన ప్రాంతాల్లో అది నాలుగు రోజులే చెల్లుతుంది. అయినా తొందరపడకుండా, ముందు ఒక నెల కొత్త కంపెనీ సిమ్‌ను రెండో సిమ్‌గా వాడి చూడండి. బాగుందనిపిస్తేనే పాత నంబరును అటు మార్చుకోండి.