డాక్టరు గారి పేజీ: వెనక్కి దారి ఉందా?

ఈ నెల మన పేషెంటు మనిషి కాదు, మిషను. అల్ఫారెట్టాలో మన కుటుంబాలు చాలావాటిలో ఎవరో ఒకరు పెద్ద కంపెనీల యూనిక్స్ సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్నారు. శనివారం రాత్రి భోజనాల మధ్యలో "పన్నెండింటికి సర్వర్ల పని ఉందండీ" అని లేచిపోయేది వీరే. హాస్పిటలు రికార్డులు కూడా కొన్నిచోట్ల అలాంటి సర్వర్ల మీదే నడుస్తాయి. అవి ఆగితే ఎవరికి ఏ మందు ఎప్పుడిచ్చారో నర్సుకు కనబడదు. కాగితం, పెన్ను తియ్యాలి. అందుకని ఈ విషయంలో డాక్టరు కూడా రెండు మాటలు చెప్పవచ్చుననుకుంటాను.

తెలియనివారి కోసం: ఫర్మ్‌వేర్ అంటే మిషను చిప్పుల్లోనే ఉండే ప్రోగ్రాము. యూనిక్స్ కంటె ముందే అది లేచి మెమరీ, డిస్కులు, ఫ్యాన్లు చూసుకుంటుంది. మనం తలచుకోకుండానే ఊపిరి ఆడించే మెదడు కింది భాగం లాంటిదన్నమాట. మామూలు ప్రోగ్రాము చెడితే తీసి మళ్ళీ వేసుకోవచ్చు. ఫర్మ్‌వేరు రాస్తుండగా కరెంటు పోతే మిషను అసలు లేవకపోవచ్చు.

అలాగని ముట్టుకోకుండా ఊరుకోలేం. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడ్డాయి. ఐ.బి.ఎం. పవర్ మిషన్లకు కూడా ఫర్మ్‌వేర్ మార్చవలసి వచ్చింది. అదే నెల 22న, తన చిప్పులకు తానే ఇచ్చిన మందును ఇక వెయ్యవద్దని ఇంటెల్ చెప్పవలసి వచ్చింది. ఆ మందు వేసిన మిషన్లు కొన్ని వాటంతటవే ఆగి మళ్ళీ లేస్తున్నాయి. మందు మంచిదే కావచ్చు, వికటించవచ్చు కూడా.

గుంటూరులో హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు మాకు మొదట నేర్పిన పాఠం, కత్తి పట్టే ముందు రక్తం సీసా సిద్ధంగా ఉందా అని అడగటం. ఐ.బి.ఎం. పవర్ మిషన్లు తయారుచేసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. వాటిలో ఫర్మ్‌వేర్ రెండు ప్రతులుంటాయి, ఒకటి తాత్కాలికం, ఒకటి శాశ్వతం. కొత్తది తాత్కాలికంలోకి ఎక్కుతుంది. అది బాగాలేకపోతే శాశ్వతంలో ఉన్న పాతదానితో మిషనును లేపవచ్చు. అందుకే కొత్తది నాలుగు రోజులు సరిగా నడిచేదాకా దాన్ని శాశ్వతం చెయ్యటానికి తొందరపడకూడదు.

మిగతా జాగ్రత్తలూ మా ఆపరేషన్ థియేటరు లాంటివే. జ్వరంతో ఉన్నవాడికి, అవసరం మించితే తప్ప, కత్తి పెట్టం. అలాగే పాత లోపాలేవైనా ఉంటే ముందు అవి బాగుచెయ్యాలి. మార్చకముందే ఒకసారి ఆపి లేపి చూస్తే, పాత జబ్బును కొత్త మందు మీదికి నెట్టే పని ఉండదు. బ్యాకప్ తీస్తే చాలదు, దానినుంచి తిరిగి లేపి చూసి ఉండాలి. ముందు టెస్టు మిషను, తర్వాత జంటలో ఒకటి, ఆ తర్వాతే రెండోది. ఎన్నిగంటలకు పని ఆపి వెనక్కి మళ్ళాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. తెల్లవారుజామున నిద్రకళ్ళతో ఆ నిర్ణయం చెయ్యకూడదు.

ఇది మన తల్లిదండ్రులకు కూడా సంబంధించిన విషయం. 2017 ఆగస్టులో ఆబట్ కంపెనీ పేస్‌మేకర్లకు ఫర్మ్‌వేర్ మార్పు వచ్చింది. ఈ దేశంలోనే సుమారు 4,65,000 పరికరాలు! మార్చటానికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ పేస్‌మేకరు నిమిషానికి 67 చొప్పున అత్యవసర పద్ధతిలో గుండెను నడుపుతుంది. ఇంట్లో కూర్చుని చేసే పని కాదు, క్లినిక్కుకు వెళ్ళవలసిందే. పూర్తిగా దానిమీదే ఆధారపడినవారికి బయటినుంచి గుండెను నడిపే ఏర్పాటు దగ్గర ఉంచుకొమ్మని సలహా ఇచ్చారు. సర్వరైనా, గుండె అయినా సూత్రం ఒక్కటే.

చివరగా ఒక మనవి. శనివారం అర్ధరాత్రి ఆఫీసులకు ఖాళీవేళే కాని, ఎమర్జెన్సీ వార్డుకు కాదు. మీ సర్వరు హాస్పిటలుదైతే, పెళ్ళివారిని అడక్కుండా ముహూర్తం పెట్టకండి. వార్డులో రాత్రి డ్యూటీ నర్సుకు ముందుగా ఒక ఫోను చెయ్యండి. ఆవిడ మందుల పట్టికలు కాగితం మీదికి దింపుకుంటుంది. మీ పనిలో అదీ ఒక మెట్టే.