ఏదొచ్చినా పట్టాలి మరి

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని సామెత. మా ద్రాక్షారామంలో పెళ్ళి వంటలు నెత్తినేసుకున్నవాణ్ణి ఆటపట్టించడానికి కూడా వాడేస్తారు. ఇప్పుడు ఆ మాట ప్రభుత్వంతో అనాల్సిన టైమొచ్చింది.

ఎందుకంటే మంత్రసాని మళ్ళీ వస్తోంది, ఈసారి సర్టిఫికెట్‌తో. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి సాయంతో కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది: అనుభవమున్న నర్సుకి 18 నెలల కోర్సు, మామూలు కాన్పులు ఆమె చేతుల మీదుగానే. 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా వచ్చింది.

అవసరమేంటంటారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి. దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రాలో 42.4, తెలంగాణలో 60.7. ఆంధ్రాలోనే ప్రభుత్వాసుపత్రుల్లో 26.6 అయితే, ప్రైవేటులో 63. గేటు మారితే కాన్పు ఇంతలా మారుతుందా? కోత ప్రాణాలు కాపాడుతుంది, కాదనను. కానీ ముహూర్తానికీ, తొందరకీ, భయానికీ కూడా కోస్తున్నాం. అందుకే హైదరాబాద్ లాంటి నగరాల్లో కొందరు మిడ్‌వైఫ్‌లు నడిపే బర్త్ సెంటర్ల వైపు చూస్తున్నారు.

వీటిని మూసేయాలని కొందరు, వాటి మానాన వదిలేయాలని కొందరు. నేను రెండూ ఒప్పుకోను. ఇంగ్లండ్‌లో 64 వేలకు పైగా కాన్పుల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. రిస్క్ తక్కువున్న తల్లులకి విడిగా ఉన్న మిడ్‌వైఫ్ కేంద్రాల్లో బిడ్డ భద్రత ఆసుపత్రికి తీసిపోలేదు. అయితే తొలిచూలు తల్లుల్లో దాదాపు 36 శాతం మందిని ఆసుపత్రికి మార్చాల్సి వచ్చింది. మూడో వంతు పైనే! అంటే మార్చడం అనేది యాక్సిడెంట్ కాదు, సిస్టమ్‌లో ఒక భాగం. మన భాషలో చెప్పాలంటే, బ్యాకప్ లేని డిజైన్‌కి అప్రూవల్ ఇవ్వకూడదు.

రేపు ద్రాక్షారామంలో ఒక బర్త్ సెంటర్ పెడితే నేనడిగేవి ఇవి. మిడ్‌వైఫ్ ఎక్కడ నేర్చుకుంది? కవలలు, ఎదురుకాళ్ళ బిడ్డ, బీపీ ఉన్నవాళ్ళని ముందే ఆసుపత్రికి పంపిస్తారా? రక్తస్రావం ఆపే మందు, బిడ్డకి ఊపిరందించే పరికరం చేతికందేలా ఉన్నాయా? అర్ధరాత్రి రామచంద్రపురమో కాకినాడో తీసుకెళ్ళడానికి వాకిట్లో బండి ఉందా? అవతలి ఆసుపత్రి చేర్చుకుంటామని రాతపూర్వకంగా ఒప్పుకుందా? ఏటా ఎన్ని కాన్పులు, ఎంతమందిని మార్చారు, ఏం జరిగిందన్నది బోర్డు మీద పెడతారా?

ఆంధ్రాలో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కి 2002 చట్టం ఉంది. అందులోనే మిడ్‌వైఫ్ కేంద్రాలకి విడిగా ఒక కేటగిరీ పెట్టి ఈ షరతులు రాయొచ్చు. ఆపరేషన్ థియేటర్ కూడా ఉండాల్సిందే అంటే మాత్రం అది మళ్ళీ ఇంకో నర్సింగ్ హోమ్ అవుతుంది, ఇంత గొడవా దండగ. ఇంకో మాట: లెక్కలు బోర్డు మీద పెట్టే రూలు ఆసుపత్రులకీ ఉండాలి. సిజేరియన్ శాతం గేటు దగ్గరే కనబడితే, లోపలికెళ్ళే ముందు అడగడానికి ఇంట్లోవాళ్ళకి ఒక ప్రశ్న దొరుకుతుంది.

శిక్షణ ఇచ్చేశాం, చట్టం చేసేశాం అని చేతులు దులుపుకుంటే కుదరదు. ఒప్పుకున్నది వాళ్ళే కదా!