పట్టీ క్రింది పాదాలు

ఛాయాచిత్రం మీద పేరు వ్రాయవలసి వచ్చినప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే. చిత్రపు అడుగుభాగాన ఒక నల్లని పట్టీని అడ్డంగా పరచి, దాన్ని సగం పారదర్శకం చేసి, దాని మీద తెల్లని అక్షరాలు పేర్చడం. చిత్రమూ కనబడుతుంది, అక్షరమూ కనబడుతుంది, కనుక ఎవరికీ నష్టం లేదనుకుంటాం. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే మా తాతయ్య ఫోటో సంగతి చెప్పక తప్పదు.

తాతయ్య నిలువెత్తున కనబడే ఫోటో మా ఇంట్లో ఒక్కటే ఉండేది. పెరట్లో తులసికోట ప్రక్కన, పంచెకట్టుతో, చెప్పులు లేకుండా నిలబడి ఉంటారు. ఆయన ఆబ్దికానికి బంధువులందరికీ పంపుదామని దాన్ని స్కాన్ చేసి, గింప్‌లో తెరిచి, అడుగున పట్టీ వేసాను. పేరు వ్రాసాను, దాని క్రింద జనన మరణ సంవత్సరాలు వ్రాసాను.

ఇక్కడ తెలుగువాడికి మాత్రమే వచ్చే చిక్కొకటి ఉంది. లాటిన్ లిపికి సరిపోయే కొలతల పట్టీ మన లిపికి చాలదు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, క్రింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి ఒత్తు క్రింద మరో ఒత్తు వ్రేలాడుతుంది. తాతయ్య పేరులో 'క్ష్మ' ఉంది. ఆ మకారపు ఒత్తు పట్టీ దాటి బయటికి జారింది. సరే, పట్టీ ఎత్తు పెంచాను. రెండు పంక్తుల మధ్య ఎడం చాలక పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి అంకెలను తాకాయి. మళ్లీ పెంచాను. ఇలా పెంచుకుంటూ పోగా, పట్టీ ఆయన చీలమండల దాకా వచ్చింది. నేను ఒత్తులనే చూస్తున్నాను గాని, పట్టీ దేన్ని మ్రింగుతున్నదో చూడలేదు.

పైగా పారదర్శకత తగ్గించాను కూడా. దానికీ కారణం ఉంది. తెల్లని నేల మీద నల్లని పట్టీని 50 శాతం గాఢతతో వేస్తే, మామూలు లెక్కన 255గా ఉన్న తెలుపు 128 దగ్గరకు దిగి మధ్యరకం బూడిదరంగు అవుతుంది. దాని మీద తెల్లని అక్షరానికి వచ్చే వెలుగుల నిష్పత్తి సుమారు 4:1. జాలపుటల అందుబాటు కోసం 2008లో వెలువడిన ప్రమాణాలు మామూలు పరిమాణపు అక్షరానికి కనీసం 4.5:1 ఉండాలన్నాయి. గాఢత 60 శాతం చేస్తే నిష్పత్తి 5.7 దాటుతుంది. తాతయ్య పంచె తెలుపు, పెరటి నేల మీద ఎండ. 50 శాతంతో పేరు సరిగా ఆనలేదు, కనుక 60 చేసాను. లెక్క ప్రకారం నేను చేసింది సరైనదే!

ఆబ్దికం నాడు మా మేనత్త, పటం కట్టించిన ఆ చిత్రం ముందు పూలు పెట్టబోయి ఆగింది.

"ఒరే, నాన్నగారి కాళ్లేవిరా?"

"ఉన్నాయత్తయ్యా, ఆ నల్లదాని క్రిందే ఉన్నాయి. జాగ్రత్తగా చూస్తే కనబడతాయి."

"దణ్ణం పెట్టుకోవడానికి కూడా జాగ్రత్తగా చూడాలిట్రా?"

నా దగ్గర జవాబు లేదు. మరోటి వేయించి ఇస్తానని మాటిచ్చి ఇంటికి వచ్చి వెదికితే, మూలచిత్రం లేదు. స్కాన్ చేసిన ఫైలు మీదనే, అదే పేరుతో, పట్టీతో సహా భద్రపరచి ఉన్నాను. జేపెగ్ ఫైలులో పొరలు ఉండవు. పట్టీ, అక్షరాలు, తాతయ్య అన్నీ కలిసి ఒకే ముద్ద అయిపోయాయి. (2012లో వచ్చిన గింప్ 2.8 నుండి 'భద్రపరచు' అంటే పొరలతో కూడిన దాని సొంత ఫైలే వస్తుంది. జేపెగ్ కావాలంటే వేరుగా ఎగుమతి చేయాలి. ఈ మార్పును అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. నేను నా పాత రూపాంతరాన్నే పట్టుకు వ్రేలాడాను.) ఇక కాగితపు ఫోటో సంగతి. గోడ చెమ్మకు అది అద్దానికి అతుక్కుపోయి, విడదీయబోతే పై పూత ఊడి వచ్చింది.

అప్పుడు తట్టింది. పట్టీ సగం పారదర్శకమే కదా! 60 శాతం నలుపు కలిపితే అసలు వెలుగులో 40 శాతం ఇంకా అక్కడే ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే మళ్లీ పూర్వరూపం రావాలి. పట్టీ ఉన్నంత మేర ఎంపిక చేసి, లెవెల్స్‌లో తెలుపు హద్దును 255 నుండి 102కు దించాను. పాదాలు వచ్చాయి. నీటి అడుగు నుండి తేలినట్టుగా, ముందు పంచె అంచు, తరువాత వ్రేళ్లు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అయితే పూర్తిగా రాలేదు. 256 ఛాయలు వందకు కుదించుకుపోయాయి కనుక చర్మపు నునుపు పోయింది. జేపెగ్ చిత్రాన్ని 8×8 చుక్కల గళ్లుగా కోసి కుదిస్తుంది. హెచ్చించేసరికి ఆ గళ్లు గచ్చు పలకల్లా బయటపడ్డాయి. అన్నిటికంటే ముఖ్యం, అక్షరాల క్రింద ఏమీ లేదు. పట్టీ పారదర్శకమే గాని, దాని మీది అక్షరం పారదర్శకం కాదు.

1970ల చివర ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ చిత్రపు ప్రతి చుక్కకూ రంగుతో పాటు దాని పారదర్శకతను కూడా జోడించి దాచే ఉపాయం కనిపెట్టారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అటువంటి చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చే లెక్కలను సూత్రీకరించారు. అందులో నాకు నచ్చేది ఏమిటంటే, ఏ చిత్రానికా చిత్రం విడిగా బ్రతికే ఉంటుంది, కలపడం ఆఖరున. మనం ఆఖరున చేయవలసిన పనిని మొదటే చేసి, విడివిడిగా ఉన్నవాటిని పారేస్తున్నాం.

మన పాత స్టూడియోలవారికి ఈ పట్టీ అవసరమే రాలేదు. ఫోటోను దళసరి అట్ట మీద అతికి, పేరూ ఊరూ ఆ అట్ట మీద వ్రాసేవారు. బడిలో తీయించుకున్న సామూహిక ఫోటోలు చూడండి, పేర్లన్నీ వరుసల వారీగా చిత్రం బయటే ఉంటాయి. ఫోటో మీద వ్రాయడానికి చేతగాక కాదు. మనిషి ఉన్నచోటు మనిషిది. నేడు ఆ అట్ట మనకు కానీ ఖర్చు లేకుండా దొరుకుతుంది: కాన్వాసు ఎత్తును రెండు మూడు వందల చుక్కలు పెంచితే చాలు. అక్కడ 'క్ష్మ' ఎంత క్రిందికి దిగినా ఎవరి మీదా పడదు.

చిత్రచౌర్యం మాటేమిటని కొందరంటారు. లేపాక్షి చూరు చిత్రాలను శ్రమపడి తీసినవారు, అడుగున పేరు వేస్తే కత్తిరిస్తారని, సరిగ్గా చిత్రం నడుమ పట్టీ వేస్తారు. వారి బాధ నాకు తెలుసు, నా చిత్రాలూ పోయాయి. కానీ 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కు చిత్రం తీయడంతోనే వస్తుంది, పేరు ముద్రించడంతో కాదు. దొంగకు ఆ పట్టీ పెద్ద అడ్డంకీ కాదు. విజయనగర కాలపు చిత్రకారుడు గీసిన ముఖం మీద నా పేరు కనబడటం మాత్రం చూడవచ్చినవాడికి పెద్ద అడ్డంకే.

క్లోన్ పనిముట్టుతో అక్షరాల చోట పాదాలను పూరించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఇప్పుడైతే యంత్రమే ఊహించి గీసి పెడుతుంది కూడా. నాకు మనసొప్పలేదు. అవి తాతయ్య పాదాలు కావు కదా. తెల్లని అక్షరాలను అలాగే ఉంచేసాను. అడుగున అంగుళమంత తెల్లని అంచు పెంచి, పేరును అక్కడ వ్రాసి, కొత్త పటం కట్టించి తీసుకువెళ్లాను. అత్తయ్య కళ్లజోడు తెప్పించుకుని చాలాసేపు చూసింది. కుడికాలి బొటనవ్రేలి మీద ఇంకా మకారపు ఒత్తు ఉంది. దాన్ని కొంగుతో తుడవబోయి, అది అద్దం మీద మరక కాదని తెలిసి, దాని మీదనే ఒక నందివర్ధనం పువ్వు పెట్టింది.