చప్పుడు తగ్గింది, పదును తగ్గలేదు

మిరుగం దాటి నాలుగు వానలు పడ్డాయంటే జమ్మికుంట చుట్టుపక్కల పత్తి మొలకకన్నా ముందు గడ్డే తలెత్తుతుంది. రైలు కట్ట పొంటి, కాలేజీల ఆవరణల్లో, పత్తి మార్కెట్ గోడల వెంట, ఊరూరా వెలిసిన పల్లె ప్రకృతి వనాల్లో చూస్తుండగానే మోకాటి ఎత్తుకు వస్తుంది. 2020లో ఆ వనాలు పెంచే పని మొదలైనప్పుడు మొక్కల లెక్క చూసుకున్నాం. వాటి మధ్య ఏటా లేచే గడ్డిని ఎవరు కోయాలన్నది తర్వాత తెలిసివచ్చిన పని. కొడవలి పట్టే చేతులు తగ్గాయి, భుజానికి బెల్టు వేసుకుని కొట్టే పెట్రోలు మిషన్లు వచ్చాయి. ఇప్పుడు వాటి సరసన బ్యాటరీతో నడిచేవి, భుజాన వేసుకునేవీ నేల మీద తోసేవీ, వస్తున్నాయి. తాడు గుంజే పని లేదు, పొగ లేదు, పెట్రోల్లో ఆయిల్ కలిపే కొలతల తంటా లేదు. ఆస్పత్రి ఆవరణలో కోసినా రోగులకు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఈ మార్పు మంచిదే. దాంతోపాటు రావాల్సిన మెలకువ గురించే ఈ నాలుగు మాటలు.

పెట్రోలు మిషన్ మోతే ఒక హెచ్చరిక. అది నడుస్తున్నంతసేపు పిల్లలు దూరంగా ఉంటారు, పట్టుకున్న మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. బ్యాటరీ మిషన్ మీట వదలగానే ఊరుకుంటుంది. అంతటితో ఆగిపోయిందనిపిస్తుంది గానీ లోపల బ్లేడు ఇంకా కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. బ్లేడు నిలిచిన తర్వాతా బ్యాటరీలో కరెంటు సిద్ధంగానే ఉంటుంది, పొరపాటున మీట మీద చెయ్యి పడితే చాలు. మన నల్లరేగడిలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. వాన వెలిసిన పూట కోస్తే తడి తుంగ, గరిక, బంకమట్టి కలిసి తోసే మిషన్ అడుగున ముద్దగా పట్టేస్తాయి. బ్లేడు బిగుసుకుంటుంది. కోసే మనిషి ఆపుతాడు, వంగుతాడు, వేళ్లతో ఆ ముద్దను లాగబోతాడు. వేళ్లు పోయేది అక్కడే. కింద చెయ్యి పెట్టేముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాలి. తాళంచెవి ఉన్న మిషన్ అయితే అది కూడా తీసి జేబులో వేసుకోవాలి. ఆ తర్వాతే మిషన్‌ను పక్కకు వాల్చి, చేతికి తొడుగు వేసుకుని, కర్రముక్కతో గోకాలి. బ్యాటరీ తీసి పెట్టడానికి అర నిమిషం పట్టదు. ఇక తడి ఆరేదాకా ఆగితే ఆ ముద్దే పట్టదు.

కోయడానికి ముందు చేయాల్సిన పని మరొకటుంది. చేతిలో ఒక సంచి పట్టుకుని ఆ జాగా అంతా ఒకసారి నడిచి రావడం. మన వనాల్లో, మైదానాల్లో గడ్డి కింద ఏముంటాయో అందరికీ తెలుసు: కంకర, సీసా పెంకులు, మొక్కలకు ఊతం కట్టి వదిలేసిన బైండింగ్ వైరు. బ్లేడుకు తగిలిన గులకరాయి ఎటు ఎగురుతుందో చెప్పలేం. భుజాన వేసుకుని కొట్టే మిషన్ చుట్టూ 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదని తయారీదారులు ఇచ్చే పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ పుస్తకం చాలాచోట్ల అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. కళ్లకు అద్దాలు, కాళ్లకు గట్టి బూట్లు లేకుండా చెప్పులతో గడ్డి కొట్టే మనుషులను రోజూ చూస్తూనే ఉన్నాం. కొడవలి కాలంలో కర్రతో గడ్డిని తట్టి, పామూ పుట్రా చూసుకున్నాకే కూర్చునేవారు. ఆ అలవాటు మిషన్ వచ్చాక పోకూడదు. రక్తపింజర గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది, మిషన్ వస్తోందని తప్పుకోదు.

వయ్యారిభామ కలుపు సంగతి వేరు. పూత మీద ఉన్నప్పుడు దాన్ని మిషన్‌తో కొడితే పుప్పొడి, తునకలు కోసేవాళ్ల ఒంటినిండా పడతాయి. దురదలు, దద్దుర్లు, తుమ్ములు, కొందరికి ఆయాసం. పూత రాకముందే కోయాలి. కోసేవాళ్లకు నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు ఉండాలి.

గడ్డి కోసే యంత్రం అసలు బట్టల మిల్లులో పుట్టిందని పత్తి ఊరి వాళ్లం తెలుసుకోవడం బాగుంటుంది. ఇంగ్లండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ ఉన్ని బట్ట మీద లేచిన నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో పచ్చికను కత్తిరించవచ్చని అనుకున్నాడు. 1830లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నూగును పైపైన సమంగా తీయాలే గానీ బట్టను కొయ్యకూడదన్నది మిల్లు సూత్రం. పచ్చికకూ అదే వర్తిస్తుంది. ఒక్క కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీస్తే వేరు బలహీనపడి, ఎండకు మాడిపోతుంది. బ్లేడు మొద్దుబారితే గడ్డి తెగదు, చిరుగుతుంది. కొసలు తెల్లబారుతాయి, బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. సాన పట్టించిన బ్లేడును నడిమి రంధ్రంలో మేకు పెట్టి వేలాడదీసి చూడాలి. ఏ వైపు కిందికి వాలితే ఆ వైపు ఆకురాయితో కాస్త అరగదీయాలి. బరువు సరిచూడకుండా బిగిస్తే మిషన్ వణుకుతుంది, బోల్టు వదులవుతుంది.

బ్యాటరీ దగ్గర మన రైతులకు ఒక చిక్కుంది. మందు కొట్టే ఛార్జింగ్ పంపు ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. వాటిలో చాలావాటికి ఉండేది సీసం బ్యాటరీ. పని లేని నెలల్లో దాన్ని నిండుగా ఛార్జింగ్ చేసి ఉంచాలి, మధ్యమధ్య మళ్లీ ఎక్కించాలి. ఖాళీగా వదిలేస్తే పాడవుతుంది. కొత్తగా వస్తున్న గడ్డి మిషన్లలో ఎక్కువగా ఉండేది లిథియం బ్యాటరీ. దాని తీరు వేరు. పని లేని నెలల్లో సగం ఛార్జింగుతో, చల్లటి జాగాలో ఉంచాలి. నిండుగా ఎక్కించి ఎండలో పెడితే ఆయుష్షు తరిగిపోతుంది. మే నెలలో మన జిల్లాల్లో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. గ్రామ పంచాయతీ సామాన్ల గది చాలాచోట్ల రేకుల షెడ్డే. పని ముగిశాక బ్యాటరీ చేతికి వేడిగా తగులుతుంటే చల్లారేదాకా ఆగి ఛార్జింగ్ పెట్టాలి. దానితో వచ్చిన ఛార్జరే వాడాలి. ఉబ్బిన బ్యాటరీని, కిందపడి పగిలిన బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, విప్పి బాగు చేయాలని చూడకూడదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటలు, పొగ పైఅంతస్తుల హోటల్లోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు. గడ్డి మిషన్ బ్యాటరీ వాటికన్నా చాలా చిన్నది, భయపడి దూరం పెట్టాల్సింది కాదు. కానీ ఇది పత్తి ప్రాంతం. ధర పెరుగుతుందని ఎదురుచూస్తూ ఏరిన పత్తిని ఇంట్లోనే ఒక గదిలో పైకప్పు దాకా పోసి పెట్టుకునే రైతులు ఎందరో. ఆ గదిలోని ప్లగ్గుకే పంపు ఛార్జర్ తగిలించి పడుకునే అలవాటూ ఉంది. వదులైన ప్లగ్గు నుంచి ఒక్క నిప్పురవ్వ వచ్చినా ఆ ఏడాది పంటతో పాటు ఇల్లు కూడా పోతుంది. ఛార్జింగ్ బండల మీద, నలుగురి కంటికి కనిపించే చోట, పగలు మేలుకుని ఉన్నప్పుడే పెట్టాలి. పత్తి ఉన్న గదిలో ఏ బ్యాటరీ అయినా, ఎంత చిన్నదైనా వద్దు.

మిషన్‌కు ఏది కలుపో, ఏది పువ్వో తెలియదు. బతుకమ్మకు పేర్చే గునుగు మన గట్ల మీద, చేల అంచుల్లో దానంతటదే మొలుస్తుంది. కలుపు మందుల వల్ల ఇప్పటికే చాలాచోట్ల కరువైంది. భాద్రపదంలో గట్లు నున్నగా కొట్టేస్తే ఎంగిలిపూల నాటికి పిల్లలు గునుగు కోసం పక్క ఊళ్లకు పోవాలి. వనాల్లో ఒక మూల, గట్టు మీద ఒక బారెడు జాగా సద్దుల బతుకమ్మ దాకా వదిలేయమని కోసేవాళ్లకు చెబితే సరిపోతుంది.

ఇంతకూ ఈ మిషన్ ఎవరి చేతుల్లో ఉంటుంది? ఎక్కువగా పంచాయతీ, మున్సిపాలిటీ సఫాయి కార్మికుల చేతుల్లో. మిషన్ కొనేటప్పుడు దాని ధర చూస్తాం. కళ్లద్దాలు, బూట్లు, తొడుగులు మాత్రం లెక్కలోకి రావు. దెబ్బ తగిలితే అతని అజాగ్రత్త అంటాం. మిషన్ చేతికిచ్చినవాళ్ల బాధ్యత అక్కడితో తీరిపోతుందా? జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రంలో రైతులకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. వానలకు ముందే కార్మికులకు కూడా అక్కడ ఒక పూట మిషన్ విప్పి చూపిస్తే బాగుంటుంది. కొనుగోలు కాగితంలో మిషన్‌తో పాటు ఇద్దరికి సరిపడా కళ్లద్దాలు, బూట్లు, తొడుగులు, ఒక అదనపు బ్లేడు, తెలుగులో అచ్చు వేసిన జాగ్రత్తల పత్రం ఉండాలి. పాడైన బ్యాటరీని అమ్మినవాళ్లే తిరిగి తీసుకోవాలన్న మాట కూడా అందులో ఉండాలి. వాడిన బ్యాటరీలను చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలని, వాటిని సేకరించే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.