నల్లరాతికి దణ్ణం... నల్లపిల్లకు పౌడరా?

పోయిన నెలలో మా అక్క కూతురికి ఫోటో తీయించాలని నంద్యాలలో ఒక స్టూడియోకు వెళ్లాం. మామూలు ఫోటో కాదండోయ్, పెళ్లిచూపుల ఫోటో! మా పాప నలుపు. చామనచాయ అని మర్యాదకు చెప్పుకుంటాం గానీ, నలుపే. పదేళ్లు కూచిపూడి నేర్చింది. గజ్జె కట్టి కన్ను తిప్పిందంటే ముందు వరసలో ఉన్నవాళ్లు పక్కవాడితో మాట్లాడ్డం మరిచిపోతారు. ఆ కన్నూ, ఆ ముక్కూ ఫోటోలో చక్కగా వచ్చాయి. ఫోటోగ్రాఫరు మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని, "సార్, కొంచెం తెలుపు పెంచమంటారా?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా అక్క, "కొంచెమేంది నాయనా, బాగానే పెంచు" అంది.

ఐదు నిమిషాల్లో ఫోటో చేతికొచ్చింది. మా పాప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మామా, ఈ పిల్ల ఎవురు? బాగుందే! పెళ్లికొడుక్కి ఈ పిల్లనే ఇచ్చి చెయ్యండి, నాకెందుకు?" అంది.

స్టూడియోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. పదిహేనేళ్ల కిందట ఇదే పిల్లకు పుట్టినరోజు కానుకగా తెల్లబరిచే క్రీము ట్యూబు కొనిచ్చిన పెద్దమనిషిని నేనే మరి!

ఈ వారం మీకు కొత్త సినిమా కబుర్లు చెబుదామనుకున్నాను. వాటికేం, వచ్చేవారం చెప్పుకుందాం. ఈ వారం మాత్రం ఒక అందాల రాణి కథ వినండి. పేరు నీనా దావులూరి. మన తెలుగమ్మాయే. రంగు? మా పాప రంగే!

నీనా 1989 ఏప్రిల్ 20న అమెరికాలోని సిరక్యూస్‌లో పుట్టింది. తల్లిదండ్రులు మన విజయవాడ వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు. పసితనంలో కొంతకాలం విజయవాడలో అమ్మమ్మ దగ్గరే పెరిగింది. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. అందాల పోటీ అనగానే మనం నగలూ నడకా అనుకుంటాం. అమెరికా పోటీలో గెలిస్తే చదువుకు డబ్బు కూడా ఇస్తారు. పదిహేడేళ్ల వయసులో టీనేజీ అమ్మాయిల పోటీలో మిషిగన్ రాష్ట్రానికి కిరీటం గెలుచుకుని, దేశం మొత్తం మీద జరిగిన పోటీలో రెండో స్థానంలో నిలిచింది. అలా వచ్చిన ఉపకారవేతనం యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ చదువుకు పనికొచ్చింది. 2011లో పట్టా పుచ్చుకుంది.

2013లో మిస్ న్యూయార్క్ అయింది. అదే ఏడాది సెప్టెంబర్ 15న అట్లాంటిక్ సిటీలో 53 మంది అమ్మాయిల మధ్య మిస్ అమెరికా పోటీ. ప్రతిభ చూపించే ఘట్టంలో ఒకరు పాట పాడతారు, ఇంకొకరు పియానో వాయిస్తారు. మన నీనా ఏం చేసిందనుకున్నారు? 'ఓం శాంతి ఓం' సినిమా పాటకు స్టెప్పులేసింది! ఆ స్టెప్పుల్లో శాస్త్రీయ నృత్యం కూడా కలిపింది. మన పిల్లలు కాలేజీ వార్షికోత్సవంలో వేసే డాన్సు లాంటిదే, అక్కడ లక్షలమంది చూసే టీవీలో వేసింది. ఆ రాత్రే కిరీటం ఆమె తలకెక్కింది. 50 వేల డాలర్ల ఉపకారవేతనమూ దక్కింది. ఆ కిరీటం గెల్చుకున్న మొదటి భారతీయ సంతతి అమ్మాయి ఆమే.

ఈ గెలుపు విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మిస్ అమెరికా పోటీ 1921లో మొదలైంది. ఒకప్పుడు దాని నిబంధనల్లోనే, పోటీకి వచ్చే అమ్మాయి తెల్లజాతిదై ఉండాలని రాసుకున్నారు! ఒక నల్లజాతి అమ్మాయి ఆ వేదిక మీద పోటీదారుగా నిలబడటానికి 1970 దాకా పట్టింది. కిరీటం దక్కడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కిరీటం గెల్చిన వెనెస్సా విలియమ్స్ తర్వాత పేరున్న గాయని, నటి అయింది.

నీనా తలమీద కిరీటం సర్దుకునేలోపే ట్విట్టర్‌లో తిట్లు మొదలయ్యాయి. అరబ్బు అన్నారు. టెర్రరిస్టు అన్నారు. అమెరికా కిరీటం అమెరికా అమ్మాయికి ఇవ్వరా అన్నారు. ఆ పిల్ల పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో! విలేకరులు అడిగితే ఆమె కన్నీళ్లు పెట్టుకోలేదు, ఎదురు తిట్టలేదు. అలాంటి మాటలకు అందనంత పైకి వెళ్లాలి, నేను ముందు అమెరికన్‌నే అని చెప్పి పనిలో పడింది.

మనమేం చేశాం? పండగ చేసుకున్నాం! "మన విజయవాడ అమ్మాయి" అని టీవీలు మోగాయి. బెజవాడలో స్వీట్లు పంచుకున్నారు. తెల్లవాళ్ల జాతి దురహంకారాన్ని దుమ్మెత్తిపోశాం. బాగానే ఉంది. కానీ అప్పుడే కొందరు ఒక చిక్కు ప్రశ్న వేశారు. ఇదే అమ్మాయి, ఇదే రంగుతో మన దేశంలో పోటీకి నిలబడితే కిరీటం దక్కేదా? కిరీటం మాట దేవుడెరుగు, గడపలోకి రానిచ్చేవారా?

జవాబు కోసం ఎంతో దూరం పోనక్కర్లేదు. అదే 2013లో తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ మిస్ ఇండియా ఎర్త్ కిరీటం గెలిచింది. కిరీటమైతే వచ్చింది గానీ, ఆ తర్వాత ప్రకటనల ఆడిషన్లకు వెళ్తే తెల్లగా లేవని మొహం మీదే అన్నారని తనే చెప్పుకుంది. 'గూఢచారి'లో, 'పొన్నియిన్ సెల్వన్'లో ఆమెను చూసి ఈలలేసిన కుర్రాళ్లూ, విన్నారా?

మన చిత్రసీమ సంగతీ చూద్దాం. 1978లో బాలచందర్ 'మరో చరిత్ర' తీశారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కొత్తమ్మాయి సరిత కథానాయిక. నల్లపిల్ల, అదీ బ్లాక్ అండ్ వైట్ సినిమా! ఆ కళ్లతో, ఆ గొంతుతో జనాన్ని కట్టిపడేసింది. మద్రాసులో తెలుగు సినిమాగానే ఐదువందల రోజులు దాటి ఆడింది. తర్వాత అర్చన వచ్చింది. తమిళంలో 'వీడు', తెలుగులో 'దాసి'... వరసగా రెండేళ్లు జాతీయ ఉత్తమ నటి! ఆమెదీ సరిత రంగే. కాబట్టి ప్రేక్షకుడు నలుపును కాదన్నాడంటే నేను నమ్మను. చూపిస్తే చూశాడు. చూపించడమే మానేశారు. అదే సరిత గొంతును మాత్రం ఎందరో తెల్లని కథానాయికలకు అరువు తెచ్చుకున్నారు. గొంతు కావాలి, రంగు వద్దు! ఇదెక్కడి బేరమండీ?

తెర మీద లేని పని ట్యూబులో పెట్టి అమ్మారు. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. పెళ్లి కావాలన్నా, ఉద్యోగం రావాలన్నా రంగు మారాలని తరాల తరబడి ప్రకటనల్లో చెప్పారు. నేను మా పాపకు ట్యూబు కొన్నది ఆ ప్రకటనలు చూసే! నీనా కిరీటం దించాక ఇంట్లో కూర్చోలేదు. రంగు వివక్ష మీద 'కాంప్లెక్షన్' అనే డాక్యుమెంటరీ పనిలో దిగింది. 2020లో జార్జి ఫ్లాయిడ్ హత్య తర్వాత ప్రపంచమంతా రంగు గురించి మాట్లాడుతున్న సమయంలో ఆ క్రీము కంపెనీ పెద్దకే బహిరంగ లేఖ రాసింది. ఇంకా ఎందరో గొంతు కలిపారు. అదే ఏడాది కంపెనీ 'ఫెయిర్' అనే మాట తీసేసి 'గ్లో అండ్ లవ్లీ' అని పేరు మార్చింది. పేరు మారింది. ట్యూబు మాత్రం అంగడిలోనే ఉంది!

సరే, మళ్లీ మా పాప ఫోటో దగ్గరికి వద్దాం. పెళ్లికొడుకు వాళ్లది ఆళ్లగడ్డ. ఫోన్లో పంపితే చాలదట, పెద్దాయన చేతికి కాగితం ఫోటో ఇవ్వాలట. ఆ బాధ్యత నాది. బస్సెక్కేముందు మా పాప నా సంచిలో ఇంకో కవరు పెట్టింది. "ఇందులో నేనున్నా. దాంట్లో ఉండేది ఎవురో నాకు తెలీదు. ఏది ఇస్తావో నీ ఇష్టం మామా" అంది.

నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా గంట ప్రయాణం. దారి పొడుగునా ఆ రెండు కవర్లూ నా ఒళ్లోనే ఉన్నాయి. ఆళ్లగడ్డలో దిగగానే వినబడేది ఉలి చప్పుడు. అక్కడి శిల్పుల పేరు మీరు వినే ఉంటారు. ఎన్నో ఊళ్ల గుళ్లకు దేవుళ్లు అక్కణ్ణుంచే వెళ్తారు. ఒక పందిరి కింద అమ్మవారి విగ్రహం తయారవుతోంది. సగం బూడిదరంగు, సగం నిగనిగలాడే నలుపు. పని చేస్తున్న పెద్దాయన్ని అడిగాను, "ఇదేంది పెద్దాయనా, రెండు రంగుల రాయా?" అని.

ఆయన నవ్వాడు. "రెండు రంగులు యాడివి నాయనా? రాయి ఒకటే. ఉలి తగిలిన కాడ పాలిపోయినట్లు కనపడుతాది. బాగా రుద్ది నునుపు చేసి నూనె పూస్తే అప్పుడొస్తాది అసలు నలుపు. తెల్లగా కనపడుతుందంటే పని ఇంకా కాలేదని అర్థం."

నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు హైదరాబాదు వచ్చిన దేశదేశాల అమ్మాయిలు ములుగు దగ్గర రామప్ప గుడికి వెళ్లారు. అక్కడి నల్లరాతి మదనికల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ నల్లని అందాలకు ఎవరూ పౌడరు పూయలేదు. తిరుమల వెంకన్న నలుపు. మా పాపకు మేం మొక్కి పెట్టిన పేరు కూడా ఆ నల్లనయ్యదే! గర్భగుడిలో నలుపుకు హారతి పట్టి, ఇంటికొచ్చి కూతురికి తెలుపు పూస్తున్నాం. అమెరికావాడు నీనాను తిడితే మనకు కోపం వచ్చింది. వాడు అన్నది ఒక్క రాత్రి. మనం మన పిల్లల్ని రోజూ అంటున్నాం, అదీ ప్రేమగా!

పెద్దాయన ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. నా చెయ్యి సంచిలోకి వెళ్లింది. రెండు కవర్లూ తగిలాయి. మా అక్క తిట్లు చెవిలో వినబడ్డాయి. అయినా సరే, మా పాప ఉన్న కవరే తీసి ఇచ్చాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పిల్ల కళ్లు బాగున్నాయి" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

జవాబు ఇంకా రాలేదు. మా అక్క నాతో మాట్లాడటం లేదు. మా పాప మాత్రం నిన్న ఫోన్ చేసి, "రాకపోతే రానీలే మామా, వచ్చినా నన్ను చూసే కదా వచ్చేది" అంది.

ఆ స్టూడియో ఫోటో నా బీరువాలో ఉంది. ఆ పిల్లెవరో నాకూ తెలీదు. మరి మీ ఇంట్లో గోడమీద ఫోటోల్లో ఉన్నది మీరేనా? ఒకసారి చూసుకోండి. వచ్చేవారం కలుద్దాం.