రబ్బరు అన్నంత మాత్రాన మెత్తనిదా?

రబ్బరు అనగానే మన విద్యార్థులకు గుర్తొచ్చేది పెన్సిల్ రాతను తుడిచే ముక్క. మీద పడినా దెబ్బ తగలదు. అందుకే "పోలీసులు రబ్బరు తూటాలు పేల్చారు" అని వార్తల్లో వింటే, "పోనీలే, నిజం తూటాలు కావుగా" అని ఊరుకుంటాం. నేను అనేది ఒక్కటే. ఆ పేరే మనల్ని మోసం చేస్తోంది.

1970లో ఉత్తర ఐర్లాండ్‌లో గుంపులను చెదరగొట్టడానికి బ్రిటిష్ సైన్యం వీటిని వాడడం మొదలుపెట్టింది. ఒక్కో తూటా సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల దాకా బరువు. అంటే క్రికెట్ బంతి కంటే కాస్తే తక్కువ. కానీ ఆ వేగం ఏ బౌలరూ అందుకోలేడు. నేలకు కొడితే అది ఎగిరి కాళ్ళకు తగలాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. 1971లో బెల్‌ఫాస్ట్‌లో ఎమ్మా గ్రోవ్స్ అనే పదకొండు మంది పిల్లల తల్లికి తన ఇంటి కిటికీ దగ్గరే తూటా తగిలి రెండు కళ్ళూ పోయాయి. 1972లో డెర్రీలో రిచర్డ్ మూర్ అనే పదేళ్ళ పిల్లవాడు బడి నుంచి ఇంటికి వెళ్తూ రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. వీళ్ళిద్దరూ ఎవరి మీద రాయి విసిరారు? తర్వాత ప్లాస్టిక్ తూటాలు వచ్చాయి. 1989 నాటికి ఈ రెండు రకాల వల్ల 17 మంది చనిపోయారు. వారిలో దాదాపు సగం మంది పిల్లలే.

అది పాత కథ అనుకోకండి. 2019లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో మెట్రో రైలు ఛార్జీ పెంపుతో ఆందోళన మొదలైంది. అక్కడి పోలీసులు వాడిన ఒక్కో తూటాలో 12 గుళ్ళు ఉండేవి. ఒకరికి గురిపెడితే పక్కవారికీ తగిలేవి. 400 మందికి పైగా కళ్ళకు గాయాలయ్యాయి. చిలీ విశ్వవిద్యాలయం వారు ఆ గుళ్ళను పరీక్షిస్తే అందులో రబ్బరు 20 శాతమే! మిగతాది సీసం లాంటి గట్టి పదార్థాలు.

"గుంపు రాళ్ళు వేస్తుంటే పోలీసులు దెబ్బలు తింటూ నిలబడాలా? నిజం తూటా కన్నా ఇది నయం కదా?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పోలీసులూ ఒక ఇంటి బిడ్డలే. కానీ నిజం తూటా పేల్చే ముందు మనిషి పదిసార్లు ఆలోచిస్తాడు. రబ్బరు అంటే ఆ ఆలోచన సన్నగిల్లుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లో అయిదారేళ్ళలోనే సుమారు 55,000 రబ్బరు తూటాలు పేల్చారు. అన్ని నిజం తూటాలు పేల్చి ఉండేవారా? ఓర్పుతో మాట్లాడాల్సిన చోట కూడా ఈ తూటానే మాట్లాడింది.

2020లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం మార్గదర్శకాలు ఇచ్చింది. హింసకు దిగిన వ్యక్తి మీదే వాడాలి, కాళ్ళ వైపో పొత్తికడుపు కింది భాగానికో గురిపెట్టాలి, రబ్బరు పూసిన లోహపు తూటాలు అసలు వాడకూడదు అని. అది చాలదని నా అభిప్రాయం. చెల్లాచెదురుగా తగిలే గుళ్ళను పూర్తిగా నిషేధించాలి. పేల్చిన ప్రతి తూటాకూ లెక్క రాయాలి. ఆ లెక్క ప్రజలకు చూపాలి.

మిత్రులారా, ఈసారి "రబ్బరు తూటాలేలే" అని ఎవరైనా అంటే, ఎవరికి తగిలింది, ఎక్కడ తగిలింది అని అడగండి.